దేవుని యింటికి సొమ్ములేల?

సొమ్మను మాటకు మన తెలుగున రెండర్థములు గలవు: నగ యొకటి, ధన మొకటి. ఆడుదాని మెడలోని సొమ్మును గూర్చి లోకమున జరుగు వాదములు మన మెఱుగనివి కావు. పెట్టుకొన్నచో ఆడంబర మందురు. పెట్టుకొననిచో లేమి యందురు. ఇట్టి వాదమే దేవుని యింటిని గూర్చియు జరుగుచున్నదని చెప్పినచో సోదరీమణులలో గొందఱు నవ్వవచ్చును. కాని యీ వాదము వేయి యేండ్లకు పైబడినది. దీని మూలమున విగ్రహములు పగిలినవి, రాజ్యములు చీలినవి. ఇటీవల కోస్గిలో నొక యింట గోడలోని చిన్న గూటిని గూర్చి యత్తాకోడండ్రకు గలిగిన మాటపట్టింపు మా చెవిని బడినప్పుడు, ఆ పాత వాదమే క్రొత్త చీర గట్టుకొని వచ్చినట్లు మాకు దోచినది.

కోస్గి పూర్వము పాలమూరు జిల్లాలోనిది. 2019వ సంవత్సరమునుండి నారాయణపేట జిల్లాలో జేరినది. ఆ యత్తగారి పుట్టినింటివారును మెట్టినింటివారును ప్రొటెస్టెంటులే. ఆదివారము నాడు సున్నము గొట్టిన నాలుగు గోడల ప్రార్థనామందిరమునకు బోయి, వాక్యము విని వచ్చుటయే వారు తరతరములుగా నెఱిగిన యారాధన. కోడలు హైదరాబాదులోని కథోలిక కుటుంబమున బుట్టిన పిల్ల. కాపురమునకు వచ్చునప్పుడు తల్లి యామె పెట్టెలో చీరల నడుమ జానెడు మరియమాత స్వరూపము నొకదానిని బెట్టి పంపినది. కోడలు దానిని వంటయింటి ప్రక్కనున్న గూటిలో నిలిపి, సాయంకాలమున క్రొవ్వొత్తి వెలిగించెను.

అత్తగారు చూచి, "బిడ్డా, మన యింట బొమ్మకు మ్రొక్కు నాచారము లేదు" అనెను.

"బొమ్మకు గాదత్తమ్మా, తల్లికి మ్రొక్కుచున్నాను" అని కోడలు.

"మ్రొక్కవలసిన తల్లి గూటిలో నుండునా?"

"మీ గుడి గోడలు బోసిగా నున్నవి గదా, అందు దేవుడు లేడని నేనంటినా?"

అక్కడినుండి మాట పెరిగినది. మూడు దినము లిద్దఱును ఒకే పొయ్యివద్ద వండిరి గాని యొకరి మొగ మొకరు చూడలేదు. మేము పోయినప్పుడు మమ్ము దీర్పు చెప్పుమనిరి. తీర్పు చెప్పుటకు మేమెవరము? అయినను మఱికొన్ని యిండ్లలోను ఈ మాట పుట్టుచుండుటచేత, ఇరువైపుల కారణములను పాఠకురాండ్ర ముందుంచుట మంచిదని తలచితిమి.

ముందుగా గంటికి గనబడునది చూతము. కోస్గికి ఉత్తరమున నున్న తాండూరు నాపరాతికి బేరు వడసినది. ఈ ప్రాంతపు పల్లెటూరి ప్రార్థనామందిరములలో నేల తఱచుగా నట్టి నాపరాయియే. చెప్పులు గడప వెలుపల విడిచి, స్త్రీలొకవైపు, పురుషులొకవైపు చాపలమీద గూర్చుందురు. ఎదుట మెట్టెత్తు వేదిక. దానిపై నొక బల్ల, గ్రంథము నుంచి చదువుట కొక పీట. గోడపై నొక సిలువ. ఆ సిలువపై ప్రభువు రూపముండదు. ఆయన లేచెను గనుక సిలువ ఖాళీయే యని వారి భావము. సంఘము కూడని దినమున నది తాళము వేసిన గదియే గాని మఱేమియు గాదు.

కథోలికుల దేవాలయ మట్టిది గాదు. హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ వద్దనున్న సెయింటు జోసెఫ్ దేవాలయమును జూచినవారికి వేఱుగ జెప్పనక్కఱలేదు. 1870లో దానికి పునాది వేసిరి. 1892లో ఇటలీనుండి గంటలు దెప్పించిరి. కథోలిక దేవాలయమున లోనికడుగిడగానే చూపు పీఠము మీదికి బోవును. పీఠముచెంత దివ్యసత్ప్రసాదము నుంచు మందసము. దానియొద్ద నారనీయని దీపము. ప్రక్కల మరియమాత స్వరూపము, పునీతుల స్వరూపములు. గోడల పొడవున ప్రభువు సిలువ మోసిన దారిని దెలుపు పదునాలుగు చిత్రములు. పూజలేని వేళనైనను ఒంటరిగా వచ్చి మోకరించి, తన కష్టము జెప్పుకొని పోవు స్త్రీ యొకతె యైన నచట గనబడును.

ఈ భేదమునకు హేతువు ధనము గాదు, రుచియు గాదు, నమ్మకము. పూజలో అప్పమును ద్రాక్షారసమును నిజముగా గ్రీస్తు శరీర రక్తములగునని కథోలికుల విశ్వాసము. ఆ ప్రసాదమును మందసములో భద్రపఱచుదురు గావున, ప్రభువచట నెల్లప్పుడు వాసము చేయుచున్నాడని వారి తలంపు. ప్రభువున్న యింటిని దమకున్నంతలో నలంకరింపకుండుట యెట్లు? ప్రొటెస్టెంటులలో బెక్కుమంది, అందు ముఖ్యముగా బాప్టిస్టులును మెన్నొనైటులును, కూడిన జనమే దేవుని యాలయమనియు, గోడలా జనమునకు నీడ మాత్రమే యనియు దలంతురు. కావున నొకచోట గన్ను పీఠమువైపు తిరుగును. మఱియొకచోట జెవి వాక్యమువైపు తిరుగును. మాటలు సైతము వేఱుపడినవి. వారు జ్ఞానస్నాన మనుదానిని వీరు బాప్తిస్మ మందురు. వారు దివ్యబలిపూజ యనుచోట వీరికి ప్రభురాత్రి భోజనము.

పది యాజ్ఞలను లెక్కించుటలోను భేదమున్నదని చాలమంది యెఱుగరు. విగ్రహములను జేసికొనరాదను మాటను కథోలికులు మొదటి యాజ్ఞలో భాగముగా నెంచి, కడపటి యాశను గూర్చిన యాజ్ఞను రెండుగా విడదీయుదురు. బాప్టిస్టు మొదలగువారు దానిని వేఱుగ రెండవ యాజ్ఞగా నెంతురు. ఎటు లెక్కించినను పదియే. కాని వేఱుగ నిలిచిన యాజ్ఞ పసినాటినుండి చెవిలో మ్రోగుచుండును. మన యత్తగారి చెవిలో మ్రోగిన దదియే. ప్రొటెస్టెంటులయ్యును లూథరనులు కథోలికులవలెనే లెక్కింతురు. 1842లో హయ్యరు దొర గుంటూరికి దెచ్చిన యా సంఘమున పీఠమునకును సిలువకును మర్యాద యెక్కువ. కావున ప్రొటెస్టెంటులందఱు నొకటే యనుకొనరాదు.

ఇక దీని చరిత్రము. ఇంచుమించు 600వ సంవత్సరమున మార్సెయి నగరపు బిషప్పు సెరేనసు, జనులు చిత్రములకు మ్రొక్కుచున్నారని కోపించి వానిని బగులగొట్టించెను. రోమాపురి పోపు గ్రెగొరీ యతనికి వ్రాయుచు, మ్రొక్కనీయకుండుట సరియేగాని పగులగొట్టుట తప్పనియు, చదువురానివారికి జిత్రమే పుస్తకమనియు మందలించెను. 787లో నిసియా నగరమున గూడిన సభ, ఆరాధన దేవునికే చెల్లుననియు, చిత్రమున కిచ్చు గౌరవము అందలి వ్యక్తికి జేరుననియు నిర్ణయించెను. మన కోడలు గూటివద్ద నిలిచి చెప్పిన సమాధాన మిదియే. పండ్రెండు వందల యేండ్ల నాటిది.

అయితే యలంకారమును నిందించినవారందఱు ప్రొటెస్టెంటులే యనుకొనుట పొరబాటు. ప్రొటెస్టెంటను మాట పుట్టుటకు నాలుగు వందల యేండ్లకు ముందే, 1125 ప్రాంతమున, ఫ్రాన్సు దేశమున బెర్నార్డు అను కథోలిక సన్న్యాసి, గోడలకు బంగారము పూసి బీదలను దిగంబరులుగా విడుచుట యేమి భక్తి యని యడిగెను. అదే దేశమున 1144లో సూజే యను మఠాధిపతి, దేవున కిచ్చునది మిక్కిలి విలువగలదై యుండవలెనని రంగుటద్దముల వెలుగుతో సెయింటు డెనిస్ దేవాలయమును దీర్చి ప్రతిష్ఠింపించెను. ఇద్దఱు నొకే మతము వారు, ఒకే కాలము వారు. నేటి మన యిండ్లలోని వాదమున కిరుప్రక్కలను వారే నిలిచియున్నారు.

తరువాత సొమ్ము పెద్ద కలహమునకు గారణమైనది. రోమునగరమున సెయింటు పీటరు దేవాలయమును 1506లో నారంభించి 1626లో ముగించిరి. దాని వ్యయమునకై పాపశిక్షా పరిహార పత్రములను జనులకు విక్రయించుటను జూచియే 1517లో జర్మనీ దేశమున మార్టిను లూథరు నిరసించెను. 1524లో జూరికు నగరమున గుళ్లలోని చిత్రములను దీయించి గోడలకు వెల్లవేయించిరి. ఆ పనికి బోధకుడైన జ్వింగ్లీ పెక్కు వాద్యములు నేర్చిన సంగీతప్రియుడు. అయినను 1527లో నచటి పెద్దగుడి ఆర్గను వాద్యమును సయితము విప్పివేసిరి. 1563లో ట్రెంటు సభ కథోలికులకు జిత్రములను నిలుపుకొనుమని చెప్పుచునే, మూఢాచారమును లాభాపేక్షయు వానిలో జొరబడరాదని హెచ్చరించెను.

ఈ వెల్లగోడలు మన మెట్టప్రాంతమునకు దూరదేశములనుండియే వచ్చినవి. 1885లో అమెరికా బాప్టిస్టులు పాలమూరున నిలిచిరి. 1890 ప్రాంతమున, నేటి యుక్రెయిను దేశమునుండి ఫ్రీసెను దంపతులు నల్లగొండకు వచ్చిరి. వారు మెన్నొనైటు బ్రదరన్ సంఘమువారయ్యు బాప్టిస్టు మిషనులో జేరి పనిచేసిరి. 1937లో పాలమూరు క్షేత్రమే మెన్నొనైటు బ్రదరనుల చేతికి వచ్చెను. మెన్నొనైటులకు బేరిచ్చిన మెన్నో సైమన్సు 1536లో కథోలిక గురుపదవిని విడిచినవాడు. అతని యనుచరులు ఐరోపాలో హింసలపాలై, ఇండ్లలోను కొట్టములలోను జాటుగా గూడి ప్రార్థించుకొనిరి. ఇల్లే గుడి యైన వారికి ఇంటివంటి గుడియే ప్రియమగుట వింతయా?

ఇచట సోదరీమణులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. చదువురానివారికి జిత్రమే పుస్తకమని గ్రెగొరీ చెప్పెను గదా. ఆ చిత్రమును గోడనుండి దీసినవారు దాని స్థానమున నేదైన నీయవలెను. ఇచ్చినది చదువు. వాక్యమే యాధారమైనప్పుడు వాక్యము చదువలేని స్త్రీకి భక్తి యెట్లు? అందుచేతనే మిషనులు బాలికల బడులు పెట్టినవి; బైబిలు స్త్రీలను బల్లెలకు బంపినవి. గోడను బోసి చేసిన యప్పు ఆడపిల్ల చేతి పలకతో దీర్చిరి. అట్లే కంటికి దీసివేసిన యలంకారము గొంతునకు జేరినది. పందొమ్మిదవ శతాబ్దమున బురుషోత్తమ చౌదరిగారు రాగతాళములతో రచించిన కీర్తనలు నేటికిని తెలుగు ప్రొటెస్టెంటు సంఘముల నోటనున్నవి. చిత్రములేని గుడిలో స్త్రీలు తాళము వేయుచు గొంతెత్తినప్పుడు, అచట నలంకారము లేదని యెవరనగలరు? కథోలిక మఠకన్యలు నడుపు బాలికల పాఠశాలలను మఱచితిమని యెవరును దలపరాదు. ఆ గన్‌ఫౌండ్రీ ప్రాంతముననే రోజరీ కాన్వెంటు గలదు.

అట్లని కథోలికులు సొమ్ములవారు, ప్రొటెస్టెంటులు సొమ్ములు లేనివారని గీత గీసినచో బొరబడుదుము. మన తెలంగాణమున సొగసునకు బేరుమ్రోగిన మెదకు గుడి కథోలికులది గాదు. వెస్లియను మెథడిస్టులు గట్టినది. వారికి మూలపురుషుడైన జాన్ వెస్లీ 1739నుండి ఇంగ్లండులో బయళ్ల నిలిచి బొగ్గుగనుల కూలీలకు బోధించినవాడు. అట్టివాని శిష్యపరంపరలోని పోస్నెట్టు దొర మెదకున 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల శిఖరము గల గుడి నెత్తించెను. అది 1924 డిసెంబరు 25వ తేదీన బ్రతిష్ఠింపబడెను. అందు 5,000 మంది కూడవచ్చును. 1947లో దక్షిణ ఇండియా సంఘ మేర్పడినప్పుడు ఆ గుడి యందు జేరినది.

దాని మూడు గొప్ప కిటికీలకు ఫ్రాంకు సాలిస్బరీ యను నాంగ్ల చిత్రకారుడు రంగుటద్దముల చిత్రములు గూర్చెను: ఆరోహణము 1927లో, జననము 1947లో, సిలువ మరణము 1958లో నమరినవి. ఆ చిత్రములకు దీపముతో బనిలేదు. వెలుపలి యెండయే లోపల రంగులై పఱచుకొనును. ప్రొద్దు గ్రుంకినచో నవి నల్లని గాజులే. క్రిస్మసునాడు చూడబోవు జనములో మతభేదము లేదు.

ఇంత వ్యయ మేల యని బెర్నార్డు సన్న్యాసి యుండినచో నడిగియుండును. దానికి మెదకువారు చెప్పుకొను సమాధానము మఱవరానిది. ఆ పని కఱవు దినములలో సాగినదనియు, ఆకలిగొన్న పల్లెవారికి జేయిచాచు నగత్యము లేకుండ బని కల్పించి, పనికి బదులు తిండి పెట్టిరనియు జెప్పుకొందురు. అట్లైనచో నా రాతిగోడలలో నున్నది సొగసొక్కటియే గాదు. కొన్నివేల పూటల కూడును గలదు. నిరాడంబరముగా గట్టి, మిగిలిన ధనమును బెట్టెలో దాచియుండినచో నా యాకలి తీరియుండెడిదా?

ఇటు ప్రొటెస్టెంటులు గోపురము లెత్తుచుండగా, అటు కథోలికులు సొమ్ములు కొంత దించిరి. రెండవ వాటికను మహాసభ 1963లో, దేవాలయమున వట్టి ఖరీదైన వైభవము గాక హుందాయైన సౌందర్యమును గోరుమని చెప్పెను. అంతట గురువు జనులవైపు తిరిగి పూజ చేయుటయు, లాటిను భాషకు మాఱుగా మన తెలుగున బ్రార్థనలు వినబడుటయు వాడుకలోనికి వచ్చెను. ఇక గోడలే లేని యారాధనయు మన యెఱుకలోనిదే. వికారాబాదు తాండూరుల నడుమనున్న ధారూరున ఏటేట నవంబరు మాసమున మెథడిస్టు క్రైస్తవుల జాతర జరుగును. బండ్లు దిగి, చెట్లక్రింద గుడారములు వేసికొని, పొయ్యిరాళ్లు పెట్టుకొని, కుటుంబములు కుటుంబములే దినముల తరబడి ప్రార్థనలలో గడుపును. అచట నలంకార మేది యనగా, చెట్ల యాకులు, చలిమంటల వెలుగు, చంటిబిడ్డల కేకలు.

ఇంతవఱకు మనము బిషప్పుల మాట, మఠాధిపతుల మాట, దొరల మాట వింటిమి. స్త్రీల మాట యేది? ఇరువురికిని సమానమైన నిర్గమకాండమును దెఱచి చూతము. అరణ్యమున దేవుని గుడారము గట్టునప్పుడు నేర్పుగల స్త్రీలు తమ చేతులతో నీలి ధూమ్ర రక్తవర్ణముల నూలును, మేకవెండ్రుకలను వడికి తెచ్చిరి. అంతకంటె వింత యొకటి. యాజకులు కాలుసేతులు గడుగుకొను గంగాళమును, గుడారపు వాకిట సేవచేయు స్త్రీల యద్దములతో జేసిరట. ఆ కాలపు టద్దములు మెఱుగుబెట్టిన కంచువి. తమ మొగము చూచుకొను నద్దములనే యిచ్చిన యా యాడువారిని దలచుకొన్నప్పుడు మాకు మన పిడికెడు బియ్యము జ్ఞప్తికి వచ్చును. ఎసరు పెట్టినప్పుడెల్ల నొక పిడికెడు బియ్యము వేఱు కుండలో వేసి, ఆదివారము నాడు గుడికి మోసికొనిపోవు ఆచారము మన తెలుగు సంఘముల స్త్రీలది. ఆ పిడికెళ్లతో నెన్ని గోడలు లేచినవో లెక్క వ్రాసిన వారు లేరు.

బేతనియలో నొక స్త్రీ ప్రభువు శిరస్సుపై నత్తరు బోసిన కథ యందఱు నెఱిగినదే. దాని వెల 300 దేనారములకు బైబడినది. దేనార మొక కూలివాని దినవేతనము. ఏడాది కూలి యొక్క గడియలో నొలికెను. బీదల కీయరాదా యని శిష్యులు గొణిగిరి. ప్రభువామెను వెనుకవేసికొని, మంచిపని చేసినదనెను. అంతటితో నూరకుండక, బీదలు మీకెల్లప్పుడు నుందురు, మీకు దోచినప్పుడెల్ల వారికి మేలు చేయవచ్చునని గూడ జెప్పెను. అలంకారము కోరువారు మొదటి మాట నందుకొందురు. వలదనువారు రెండవ మాట నందుకొందురు. రెండు నొక నోటనే వచ్చినవి. గొణిగినవారిలో ముందున్న యూదా చేతిలో డబ్బుసంచి యుండెననియు, బీదలమీద జాలి యతనికి లేదనియు యోహాను వ్రాసియుండుట గూడ మఱవరాదు. పొదుపు పలుకువారందఱు బీదల పక్షమువారు గారు.

కావున మా తలంపున నలంకారము వలెనా వలదా యని తగవులాడుట కంటె, ప్రతి గుడిని గూర్చియు స్త్రీలు కొన్ని మాటలడుగుట మేలు. ఈ చలువరాయి చూడగానే దేవుడు మదికి వచ్చుచున్నాడా, లేక దానిపై జెక్కించుకొన్న దాత పేరు వచ్చుచున్నదా? శిఖరమునకు సున్నము వేయించుటకు ముందు ఆడువారికి మఱుగుదొడ్డియు మంచినీరును అమర్చిరా? చంటిబిడ్డతో వచ్చిన తల్లికి నీడపట్టున్నదా? ఆ యూరి విధవరాలి బిడ్డ బడి మానకుండ జూచువారున్నారా? ఇవి లేని చోట బంగారు పీఠమైనను వెల్లగోడయైనను ఒకటే. ఒకటి ధనగర్వము, మఱియొకటి నిరాడంబర గర్వము. ఇవి యున్నచోట నెన్ని రంగుల కిటికీలు పెట్టుకొన్నను మాకు వేడుకయే. పిడికెడు బియ్యము మనది యైనప్పుడు, వ్యయమును నిర్ణయించు సభలో మన నోరును బలుకవలెను. అద్దములిచ్చిన యాడువారి యుపకారము గంగాళముగా నిలిచినది. మన యుపకారము దేనికి బోవుచున్నదో మన మెఱుగవలదా?

ఈ సంగతులనే యా కోస్గి యింట నత్తాకోడండ్రకు జెప్పితిమి. అత్తగారు చాలసేపు పలుకక, "అద్దముల మాట నిజముగా గ్రంథములో నున్నదా?" అని యడిగెను. ఉన్నదంటిమి. ఆమె పెట్టెలోనుండి పాత బైబిలును దీసెను. అప్పటికి మునిమాపైనది, కన్నులకు అక్షరము లానుటలేదు. కోడలు మాటలాడకుండ గూటిలోని క్రొవ్వొత్తిని దెచ్చి యత్తమ్మ ప్రక్క నిలిపినది. ముప్పదియెనిమిదవ యధ్యాయము దొరకువఱకు నిద్దఱును దలలు వంచి వెదకిరి.

గూటి సంగతి మేమున్నంతవఱకు దేలలేదు. స్వరూపము నా గదిలో నుంచుకొందునని కోడలును, ఉన్నచోటనే యుండనిమ్ము గాని నన్ను మ్రొక్కుమనకుమని యత్తగారును ఇంకను వాదించుకొనుచునే యుండిరి. కాని యా వాదము ఒకరి మొగ మొకరు చూచుకొని చేయుచుండిరి. మాకంతే చాలుననిపించినది.